ఎంత బండి కావాలి?

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్రాస్పర్, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఒకప్పుడు కామ్రీ, అకార్డ్, ఒడిస్సీ తప్ప వేరే బండి కనిపించడం అరుదు. ఇప్పుడు పికప్ ట్రక్కులూ కనిపిస్తున్నాయి. కొందరు పెరట్లో పందిళ్లు వేసి బీర, సొర పాకిస్తున్నారు. కొందరికి గ్యాస్ స్టేషనో, మోటలో, కిరాణా కొట్టో ఉంది. కొందరు వారాంతంలో పడవను వెనక కట్టుకుని సరస్సుకు బయల్దేరుతున్నారు. ఇంకొందరికి పెద్ద కారణమేమీ లేదు. టెక్సస్‌లో ఉంటున్నాం కదా, ఒకటి ఉంటే బాగుంటుందనిపించింది. అదీ కారణమే, దాని సంగతి చివర్లో చెప్పుకుందాం.

పికప్ కొనాలని తేల్చుకున్న మరుక్షణం తలెత్తే ప్రశ్న మిడ్‌సైజా, ఫుల్‌సైజా అని. టొయోటా టకోమా, ఫోర్డ్ రేంజర్, షెవ్రొలే కొలరాడో, నిస్సాన్ ఫ్రాంటియర్, హోండా రిడ్జ్‌లైన్, జీప్ గ్లాడియేటర్ మొదటి వర్గం. ఫోర్డ్ ఎఫ్-150, షెవ్రొలే సిల్వరాడో 1500, జీఎంసీ సియెర్రా 1500, ర్యామ్ 1500, టొయోటా టండ్రా రెండో వర్గం. నాలుగు తలుపుల టకోమా చిన్న బెడ్ (వెనక తొట్టి)తో 213 అంగుళాల పొడవుంటుంది. నాలుగు తలుపుల ఎఫ్-150 చిన్న బెడ్‌తో 232 అంగుళాలకు కాస్త తక్కువ. అంటే అడుగున్నర తేడా. వెడల్పులో మూడు అంగుళాలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫుల్‌సైజ్ కొనడానికి గట్టి కారణం వెనక తొట్టి కన్నా వెనక సీటు. మిడ్‌సైజ్ కొనడానికి గట్టి కారణం పెట్రోలు ఖర్చు కన్నా గరాజ్. జనం చెప్పుకునే కారణాలు మాత్రం ఎక్కువగా దీనికి తలకిందులుగా ఉంటాయి. పెద్ద మొత్తం పెట్టి ఏది కొన్నా మనకు ఒక అలవాటుంది: ఏడాదికి రెండు రోజులు వచ్చే అవసరాన్ని చూసి కొంటాం, మిగతా 363 రోజులు దాన్ని భరిస్తాం. పికప్ విషయంలో ఈ అలవాటు కాస్త ఎక్కువే ఖరీదు చేస్తుంది.

పన్నెండు నెలల చిట్టా

డీలర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక సాయంత్రం కూర్చుని గడిచిన పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తెరవండి. జ్ఞాపకాన్ని నమ్ముకోకండి. బండి మీద మనసు పడ్డాక జ్ఞాపకం కూడా డీలర్ పక్షాన చేరిపోతుంది. హోమ్ డిపో, లోస్, ఐకియా, కాస్ట్‌కో బిల్లులు చూసి, ఏ రోజున పికప్ ఉంటే నిజంగా పని తేలికయ్యేదో రాసుకోండి. దాని ఎదురుగా మూడు సంగతులు రాయండి: ఏం మోయాల్సి వచ్చింది, దాని బరువెంత, ఆ రోజు బండిలో ఎంతమంది ఉన్నారు. మూడోది చాలామంది రాయరు. తీరా చూస్తే నిర్ణయం తేలేది దాని దగ్గరే.

మామూలు ఇంటి చిట్టాలో వసంతంలో మొక్కల మొదళ్లలో వేసే మల్చ్ సంచులుంటాయి. గాలివానకు కంచె పడిపోతే తెచ్చిన చెక్కలుంటాయి. ఎవరో ఇల్లు మారుతూ ఇచ్చేసిన సోఫా ఉంటుంది. వినాయక చవితి ఖాయంగా ఉంటుంది. పికప్ ఉన్న ఇంటికి ఆ వారం ఫోన్లు ఆగవు. కానీ విగ్రహానికి ఎత్తు ఎక్కువ, బరువు తక్కువ. ఏ సైజు బండైనా చాలు. (నిమజ్జనం ఉత్సాహంలో పిల్లల్ని తొట్టిలో కూర్చోబెట్టి పెద్ద రోడ్డెక్కకండి. టెక్సస్‌లో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను తెరిచి ఉన్న బెడ్‌లో ఎక్కించుకుని గంటకు 35 మైళ్లు దాటి నడపడం నేరం. ఊరేగింపు లాంటి సందర్భాలకు మినహాయింపు ఉంది, ఇంటికి తిరిగొచ్చే దారికి లేదు.)

కూరగాయల మళ్లకు మట్టి కావాలనుకునేవాళ్లు ఒక లెక్క తెలుసుకోవాలి. నర్సరీకి వెళ్తే లోడర్‌తో ఒక ఘనపు గజం తొట్టిలో పోసేస్తామంటారు. చోటు సరిపోతుంది కూడా. కానీ ఘనపు గజం మట్టి దాదాపు 2,000 పౌండ్లు తూగుతుంది, తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. మిడ్‌సైజ్ సంగతి అటుంచి చాలా ఫుల్‌సైజ్ బళ్లకు కూడా అది మోయకూడని బరువు. వెనక స్ప్రింగులు కుంగి, ముందు చక్రాల మీద భారం తగ్గి, స్టీరింగ్ తేలిపోతుంది. మట్టి పనికి ఏ సైజు కొన్నా రెండు మూడు సార్లు తిరగాల్సిందే. ఇంటికే తెచ్చి పోయించుకోవడం మేలు.

ప్లైవుడ్ సంగతి వేరు. అమెరికాలో షీటు నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. తొట్టిలో రెండు పక్కలా చక్రాల మీద ఉబ్బెత్తుగా ఉండే గూళ్ల మధ్య ఎంత ఖాళీ ఉందన్నదే ఇక్కడ ప్రశ్న. ఫుల్‌సైజ్‌లలో అది 48 అంగుళాల పైమాటే కాబట్టి షీటు నేల మీద చదునుగా పడుకుంటుంది. మిడ్‌సైజ్‌లలో చాలావాటికి ఆ వెడల్పు లేదు. టకోమాలో గూళ్ల పైకి వచ్చేట్టు అడ్డకర్రలు వేసి వాటి మీద షీటు పెట్టాలి. హోండా రిడ్జ్‌లైన్ మొదటినుంచీ దీనికి మినహాయింపు. 2024లో వచ్చిన కొత్త రేంజర్‌లో ఫోర్డ్ ఆ ఖాళీని 48.2 అంగుళాలకు పెంచింది. వడ్రంగం సరదా ఉండి కూడా గరాజ్ చిన్నదైనవాళ్లు ఈ రెండింటి దగ్గర ఆగి చూడాలి. ఇంకో మాట: మధ్య వరస సీట్లు తీసి పక్కన పెడితే ఒడిస్సీ మినీవ్యాన్‌లో కూడా ఈ షీటు పడుతుంది. మీ చిట్టాలో ప్లైవుడ్ తప్ప మరేం లేకపోతే కొత్త బండి ఆలోచనే మానుకోవచ్చు.

చిట్టా పూర్తయ్యాక ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చిన పనులన్నీ కొట్టేయండి. వాటికి అద్దె బండి ఉంది. హోమ్ డిపోలోనూ, యూ-హాల్‌లోనూ పికప్‌లు అద్దెకు దొరుకుతాయి. మిగిలినవి నెలనెలా వచ్చే పనులు. బండి సైజు తేల్చాల్సింది వాటిని బట్టి.

తలుపు పక్కన స్టిక్కర్

ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది లాగే బరువు. ఎఫ్-150 గరిష్ఠంగా 13,500 పౌండ్లు లాగుతుందంటారు, కొలరాడో 7,700, టకోమా 6,500. అంకెలు అబద్ధం కావు. అయితే ఫలానా ఇంజను, ఫలానా యాక్సిల్ నిష్పత్తి, టోయింగ్ ప్యాకేజీ అన్నీ కుదిరిన బండికే ఆ గరిష్ఠం వర్తిస్తుంది. డీలర్ ఆవరణలో మీరు వేలు పెట్టి చూపించే బండి అది కాకపోవచ్చు.

మీరు చూడాల్సిన అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే చోట, చిన్న స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ఇది మోడల్ మొత్తానికి వేసిన సగటు కాదు, ఆ ఒక్క బండికి లెక్కగట్టిన అంకె. ఒకే రకం ట్రక్కులు రెండు పక్కపక్కనే నిలబడితే వాటి అంకెల్లో కొన్ని వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. అద్దాల పైకప్పు, నాలుగు చక్రాల డ్రైవ్, పెద్ద రిమ్ములు, కరెంటు మెట్లు తగిలించేకొద్దీ బండి సొంత బరువు పెరిగి, మోసే బరువు తగ్గుతుంది. బాగా డబ్బు పోసి కొన్న బండి చౌక బండి కన్నా తక్కువ మోయడం ఈ వ్యాపారంలో మామూలు విషయం.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఒక ఫుల్‌సైజ్ ట్రక్కు స్టిక్కర్ మీద 1,450 పౌండ్లని ఉందనుకోండి, సుమారు ఆరున్నర క్వింటాళ్లు. మీరిద్దరు, పిల్లలిద్దరు, మీ నాన్నగారు కలిపి 700 పౌండ్లు. కూలర్, సామాను, ట్రైలర్ తగిలించే హిచ్ సరంజామా కలిపి 250. మిగిలింది 500. వెనక ట్రైలర్ కడితే దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే మీ బండి మీద పడుతుంది. అదీ పేలోడ్‌లోంచే పోవాలి. 12 శాతం అనుకుంటే 500 పౌండ్లకు సరిపోయే ట్రైలర్ 4,100 పౌండ్ల చిల్లర. అదే బండికి ప్రకటనలో తొమ్మిది వేలో, పది వేలో రాసి ఉండొచ్చు. ఒక్కరే నడిపితే అది సాధ్యమే. ఇల్లాలు, పిల్లలు, తాతగారు ఎక్కాక సాధ్యం కాదు.

ఇదే కుటుంబాన్ని స్టిక్కర్ మీద 1,150 ఉన్న మిడ్‌సైజ్‌లో కూర్చోబెట్టండి. మిగిలేది 200 పౌండ్లు. దానికి తగిన ట్రైలర్ 1,700 పౌండ్లకు లోపు, అంటే చిన్న జెట్ స్కీ ట్రైలర్ అంత. కుటుంబంతో పాటు పడవో, క్యాంపరో లాగాలనుకునేవాళ్లకు ఇక్కడితో చర్చ ముగిసింది. ఫుల్‌సైజే, అందులోనూ స్టిక్కర్ మీద పెద్ద అంకె ఉన్నదే తీసుకోండి. ట్రైలర్ ఊసే లేనివాళ్లకు మిడ్‌సైజ్ మోసే బరువు బాగానే సరిపోతుంది.

అమ్మేవాళ్లు ఈ స్టిక్కర్ ప్రస్తావన తేవడం అరుదు. దాన్ని దాచే వీలు కూడా వాళ్లకు లేదు. ఫోనుతో ఫొటో తీసుకుని ఇంటికొచ్చి నింపాదిగా లెక్క వేసుకోండి.

వెనక సీటు ఎవరిది?

నాలుగు తలుపుల ఎఫ్-150లో వెనక కూర్చున్నవాళ్ల కాళ్లకు 43.6 అంగుళాల చోటు ఉంటుంది. నాలుగు తలుపుల టకోమాలో 33.7, కొలరాడోలో 34.7, రిడ్జ్‌లైన్‌లో 36.7. ముందు చెప్పిన అడుగున్నర తేడాలో సగానికి పైగా ఇక్కడే ఉంది. పది అంగుళాలంటే కాగితం మీద చిన్నదే. వెనక్కి తిప్పి బిగించే పసిపిల్లల సీటు తీసుకెళ్లి మిడ్‌సైజ్ వెనక సీట్లో బిగించి చూడండి. ముందు సీటును ఎంత జరపాల్సి వచ్చిందో, ఆ సీట్లో కూర్చునేవాళ్ల మోకాళ్లు డాష్‌బోర్డుకు ఎంత దగ్గరయ్యాయో చూస్తే పది అంగుళాల విలువ తెలుస్తుంది.

మన ఇళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. ఇండియానుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు. మామూలుగా ఆరు నెలలు ఉండే అనుమతి ఇస్తారు. ఆ ఆరు నెలలూ గుడికి, షాపులకు, నయాగరాకు, పిల్లల బడి కార్యక్రమాలకు ఈ బండే. ఫుల్‌సైజ్‌లో నేల చదునుగా ఉంటుంది కాబట్టి మధ్యలో మూడో మనిషి కూడా నిటారుగా కూర్చోగలడు. మిడ్‌సైజ్‌లో ముగ్గురు పెద్దవాళ్లు వెనక కూర్చుని ఆస్టిన్ దాకా వెళ్తే దిగేసరికి మాట్లాడుకునే స్థితిలో ఉండరు.

ఎక్కడం దిగడం వేరే సమస్య. రెండు సైజుల్లోనూ నేల కారు కన్నా ఎత్తులో ఉంటుంది. నాలుగు చక్రాల డ్రైవ్ రకాల్లో ఇంకా ఎత్తు. చీర కట్టుకున్న అరవై ఏళ్లావిడ పట్టుకోవడానికి పిడి, అడుగు పెట్టడానికి మెట్టు లేకుండా ఈ బండెక్కలేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే టెస్ట్ డ్రైవ్‌కు వాళ్లను తీసుకెళ్లండి. సేల్స్‌మన్ ఇంజను గురించి చెబుతున్నంతసేపూ మీరు అమ్మ ఎలా ఎక్కుతోందో, ఎలా దిగుతోందో గమనించండి. "బానే ఉందిరా" అంటుంది ఎలాగూ. ఆమె మాటను పక్కన పెట్టి చేతులు దేన్ని వెతుక్కుంటున్నాయో చూడండి.

విమానాశ్రయం నుంచి సామాను తేవడం కూడా వెనక సీటుకు ముడిపడిన విషయమే. ఇద్దరు వస్తే 23 కిలోల పెట్టెలు నాలుగు, చేతి సంచులు వేరే. సీట్లో మనుషులుంటారు కాబట్టి పెట్టెలన్నీ తొట్టిలోకి పోతాయి. తొట్టికి మూత లేకపోతే దారిలో వాన పడ్డప్పుడు ఊరగాయలూ, పట్టుచీరలూ ఒకే గతి పడతాయి. బండి బేరంలోనే బిగిసే మూత ఖర్చు కలుపుకోండి. మూత లేని పికప్‌తో కుటుంబం నడవదు.

గరాజ్, వీధి, పార్కింగ్

సబర్బన్ ఇళ్లలో రెండు కార్ల గరాజ్ లోతు చాలాచోట్ల 20 అడుగులు, 240 అంగుళాలు. అందులో 232 అంగుళాల ట్రక్కు పెడితే మిగిలేది ఎనిమిది అంగుళాలు. మన గరాజుల్లో గోడకు ఏం ఆనించి ఉంటుందో మీకు తెలుసు: రెండో ఫ్రిజ్, బియ్యం సంచులు, వాటర్ హీటర్, చెప్పుల అర, ఇండియా వెళ్లినప్పుడు తప్ప కదలని సూట్‌కేసులు. ఫుల్‌సైజ్ కొన్న చాలా ఇళ్లలో బండి మొదటి రోజునుంచే డ్రైవ్‌వేలో ఉంటుంది. టెక్సస్ వడగళ్ల వాన సంగతి తెలిసినవాళ్లు దీన్ని చిన్న విషయం అనుకోరు. పైగా కొన్ని కాలనీల ఇంటి యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నిబంధనలు పికప్‌ను రాత్రిపూట డ్రైవ్‌వేలో ఉంచనివ్వవు. ఒప్పంద పత్రం తీసి ఆ పేజీ చదవండి.

మాల్‌లో, ఆఫీసులో పార్కింగ్ గళ్లు సాధారణంగా 18 అడుగుల పొడవు. టకోమా అందులో మూడంగుళాలు మిగిల్చి దూరుతుంది. ఫుల్‌సైజ్ ముక్కో తోకో అడుగు పైన బయట ఉంటుంది. అద్దాలు విప్పి కొలిస్తే ఎఫ్-150 వెడల్పు దాదాపు ఎనిమిదడుగులు. అద్దాలు లేకుండా 79.9 అంగుళాలు. ఆ వింత అంకెకు కారణముంది: 80 అంగుళాలు, ఆపైన వెడల్పున్న ట్రక్కులకు ముందూ వెనకా అదనపు గుర్తింపు దీపాలు ఉండాలని అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన. ఆ హద్దు దాటిన ఎఫ్-150 ర్యాప్టర్ ముందు గ్రిల్‌లో చిన్న పసుపు దీపాలు కనిపించేది అందుకే.

ఊరిని బట్టి తీర్పు మారుతుంది. ప్రాస్పర్‌లో ఇబ్బంది లేని బండి జెర్సీ సిటీలో వీధి పక్కన చోటు వెతుక్కోవాల్సి వస్తే శిక్ష. కాలిఫోర్నియాలో పికప్‌ను మామూలుగా కమర్షియల్ వాహనంగా రిజిస్టర్ చేస్తారు, బరువును బట్టి అదనపు రుసుము కట్టాలి. బే ఏరియాకు బదిలీ అయ్యే అవకాశమున్నవాళ్లు దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

మిడ్ అంటే చిన్నదని మాత్రం అనుకోకండి. 1990ల మొదట్లోని రెండు తలుపుల, చిన్న బెడ్ ఎఫ్-150 పొడవు 200 అంగుళాలకు లోపే. ఇప్పటి టకోమా దానికన్నా పొడుగు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీమ్యాక్స్ వి-క్రాస్ అమెరికా లెక్కలో మిడ్‌సైజే. హైదరాబాద్ గల్లీలో దాన్ని తిప్పినవాళ్లను అడిగితే ఏది మిడ్డో చెబుతారు. అలాంటి బళ్లు అమెరికాకు ఎందుకు రావంటే, 1964 నుంచి దిగుమతి లైట్ ట్రక్కుల మీద 25 శాతం సుంకం ఉంది. అమెరికా కోడిమాంసం మీద యూరప్ దేశాలు పన్ను వేస్తే, బదులుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వేసిన సుంకం అది. దాన్ని చికెన్ ట్యాక్స్ అంటారు. కోళ్ల తగాదా ఎప్పుడో చల్లారినా సుంకం మిగిలింది. అమెరికా ట్రక్ మార్కెట్టు అమెరికా కంపెనీల చేతుల్లో పెద్ద బళ్ల వైపు ఒరిగిపోవడానికి ఇదొక కారణం. చిన్న పికప్‌లకు గిరాకీ తగ్గిందని ఫోర్డ్ 2011లో రేంజర్‌ను అమెరికాలో ఆపేసింది. 2019లో మళ్లీ తెచ్చింది.

డబ్బు

పెట్రోలు తేడా జనం అనుకున్నంత ఉండదు. మిడ్‌సైజ్ గ్యాలన్‌కు 23 మైళ్లు, ఫుల్‌సైజ్ 20 ఇచ్చాయనుకోండి. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే ఒకదానికి 522 గ్యాలన్లు, రెండోదానికి 600. గ్యాలన్ మూడు డాలర్లయితే తేడా 235 డాలర్లు, నెలకు ఇరవై. ఇది నిర్ణయాన్ని మార్చే మొత్తం కాదు.

కొనే ధరలో తేడానే అసలైనది. 8,000 డాలర్లు ఎక్కువ పెట్టి, ఆ ఎక్కువను 7 శాతం వడ్డీతో 72 నెలల అప్పు మీద తీసుకుంటే నెలకు 136 డాలర్లు అదనం, మొత్తం 9,800 పైచిలుకు. దానికి తోడు పెద్ద టైర్లు, ఎక్కువ బీమా. అయితే ఇక్కడో మెలిక ఉంది. మిడ్‌సైజ్‌లో అన్ని హంగులూ ఉన్న పై రకం, ఫుల్‌సైజ్‌లో సాదా రకం ఒకే ధరకు వచ్చే చోటొకటి ఉంటుంది. అక్కడ సేల్స్‌మన్ "ఇంకో రెండు వేలు వేస్తే పెద్ద బండే వస్తుంది" అంటాడు. ఆ మాట వినిపించిన రోజు సంతకం పెట్టకండి. తోలు సీట్లతో మొదలైన బేరం సైజు బేరంగా మారిపోయిందని అర్థం. మీ చిట్టాలో ఫుల్‌సైజ్ అవసరం లేకపోతే సాదా ఫుల్‌సైజ్ కూడా అనవసరమే. అమ్మేటప్పటి ధర సంగతికొస్తే, వాడిన టకోమా విలువ నిలుపుకోవడంలో ఏళ్లుగా ముందు వరసలో ఉంది. ఫుల్‌సైజ్‌ల మీద రాయితీలు దొరకడం తేలిక.

సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు పన్ను చట్టంలో సెక్షన్ 179 అని ఒకటుంది. పూర్తి లోడ్‌తో అనుమతించిన మొత్తం బరువు 6,000 పౌండ్లు దాటి, సగానికి పైగా వ్యాపారానికే వాడే బండి ఖరీదును తరుగుదల కింద త్వరగా రాసుకునే వీలుంది. బెడ్ లోపలి పొడవు కనీసం ఆరడుగులుంటే ఎస్‌యూవీలకు పెట్టిన పరిమితి వర్తించదు. అంటే ఐదున్నర అడుగుల బెడ్‌కు, ఆరున్నర అడుగుల బెడ్‌కు పన్నులో తేడా రావొచ్చు. బండి బుక్ చేశాక కాకుండా ముందే మీ సీపీఏను అడగండి. కిరాణా కొట్టు సరుకులు మోసేవాళ్లకు ఆరున్నర అడుగుల బెడ్ ఎలాగూ పనికొస్తుంది.

బానెట్ ముందు ఏముంది?

దీని గురించి అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. అమెరికాలో బీమా సంస్థల నిధులతో నడిచే భద్రతా పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో ఒక అధ్యయనం ప్రచురించింది. బానెట్ ముందు అంచు ఎత్తు 40 అంగుళాలు దాటిన వాహనాలు పాదచారిని ఢీకొన్నప్పుడు ప్రాణం పోయే అవకాశం, 30 అంగుళాలకు లోపుండి ముందుకు వాలిన బానెట్ ఉన్నవాటితో పోలిస్తే సుమారు 45 శాతం ఎక్కువని అందులో తేలింది. ఫుల్‌సైజ్ పికప్‌లు ఈ ఎత్తైన వర్గంలోనివే. మిడ్‌సైజ్‌లలోనూ కొన్ని తక్కువేం కావు. వెనక కెమెరా 2018 మే నుంచి ఇలాంటి కొత్త బళ్లన్నిటికీ తప్పనిసరి. ముందు కెమెరాకు అలాంటి నిబంధన లేదు. మీ డ్రైవ్‌వేలో పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటే ముందు కెమెరా ఉన్న రకమే తీసుకోండి. తోలు సీట్లు వదులుకున్నా ఫరవాలేదు.

ఇక మోజు సంగతి

పై లెక్కలన్నీ మిడ్‌సైజ్ వైపు చూపించినా మనసు సిల్వరాడో మీదే ఉండొచ్చు. తోటివాళ్లలో ఒకరు కొన్నారు. ఎత్తులో కూర్చుని నడపడం బాగుంది. అందులో తప్పేమీ లేదు. దాన్ని అవసరమని పేరు మార్చి ఇంట్లో వాదించడం మాత్రం తప్పు. "పిల్లలు పెద్దవాళ్లయ్యాక క్యాంపింగ్ వెళ్తాం కదా" అన్న మాట భార్యాభర్తల్లో ఎవరు ఎవరితో అంటున్నా రెండోవాళ్లకు సంగతి తెలుస్తూనే ఉంటుంది. దాని బదులు ఖరీదు కట్టండి: నాకు పెద్ద బండి నడపాలని ఉంది, దానికి నెలకు 150 డాలర్లవుతుంది, గరాజ్‌లో పట్టదు, అయినా కావాలి. ఇలా చెప్పి ఇద్దరూ ఒప్పుకుంటే నిశ్చింతగా కొనుక్కోండి. ఒప్పుకోకపోతే ఒక వారాంతానికి ఫుల్‌సైజ్ అద్దెకు తెచ్చి, మామూలుగా వెళ్లే చోట్లకే వెళ్లి రండి. క్యాంపింగ్‌కు తీసుకెళ్లొద్దు. పటేల్ బ్రదర్స్ పార్కింగ్‌కు, బడి దగ్గర పిల్లల్ని దింపే వరసకు, డ్యాన్సు క్లాసుకు తీసుకెళ్లండి. సగంమందికి మోజు ఆదివారం సాయంత్రానికే తీరుతుంది. మిగతా సగంమందికి పెరుగుతుంది, వాళ్లు కొనుక్కోవాల్సినవాళ్లే.

నా తీర్పు ఇది. ఐదుగురు తరచూ కలిసి ప్రయాణించే ఇల్లు, లేదా కుటుంబంతో పాటు రెండు వేల పౌండ్లు దాటిన ట్రైలర్ లాగే ఇల్లు ఫుల్‌సైజ్ తీసుకోవాలి. నలుగురిలోపు ఉండి, పెరటి పనులు, ఇంటి మరమ్మతులు చేసుకుంటూ బండిని గరాజ్‌లో పెట్టుకోవాలనుకునేవాళ్లకు మిడ్‌సైజ్ చాలు. ప్లైవుడ్ ఎక్కువైతే రేంజర్, పెద్దవాళ్ల సౌకర్యం ముఖ్యమైతే రిడ్జ్‌లైన్, పదేళ్లు వాడి మంచి ధరకు అమ్మాలంటే టకోమా. చిట్టాలో కొట్టివేతలు పోగా ఏమీ మిగలనివాళ్లు ఉన్న కారుతోనే ఉండి అద్దె బండి వాడుకోవాలి.

సంతకానికి ముందు ఒక్క పని చేయండి. ట్రక్కును గంట సేపు ఇంటికి తీసుకెళ్తామని డీలర్‌ను అడగండి, చాలామంది ఇస్తారు. బండిని గరాజ్‌లోకి ఎక్కించి, దిగి, తలుపు కిందికి దించి చూడండి. ఇవ్వనంటే కొలటేపు పట్టుకుని ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లండి.